అచ్చు

ముందుగాల కడుగు.
మంచిగ కడుగు తమ్మీ, అక్షరాల సందుల ఇసుక ఇరికి ఉంటది.
షార్జా ఇసుక, పిండి లెక్క, కండ్లకు కానరాదు.
దారం కింద అది చిక్కిందంటే
రంగు మీద గీత వడ్తది,
గీత పైసలు నీ జీతంల కోస్తరు.

హీట్ గన్ వద్దు, పక్కన వెట్టు.
ఆగస్టుల దాన్ని ఎత్తితె షరీఫ్ భాయ్ నవ్వుతడు.
డిక్కీని ఎండదిక్కు తిప్పి పది నిమిషాలు ఇడిసిపెట్టు.
మనమే మెత్తవడ్తం, జిగురెంత!

గిది చేపలు వట్టే దారం.
అజ్మాన్ల పడవలోల్ల దుకాణంల చుట్టకు ఆరు దిర్హములు.
రెండు కొసలు రెండు వేళ్ళకు చుట్టుకో,
అక్షరం ఎనుకకు జొరగొట్టు,
అటు ఇటు, అటు ఇటు, రంపం లెక్క.
గుంజకు. గుంజితె తెగుతది.

సిరిసిల్లల పన్నెండేండ్లు సాంచెల నడుమ తిరిగిన.
పోగు తెగితె ఉరికి ముడేసుడే నా పని.
గీడ పోగుతోని తెంపుడు.
కొన్ని దినాలు చేతులకు సమజ్ కాలే.

అద్దాల చుట్టు మెరిసే పట్టీలకు క్లిప్పులుంటయి.
టక్కుమంటె ఊడినట్టు, పట్టుమంటె ఇరిగినట్టు.
ఆ తేడా చెవికి రావాలె. వస్తది.

మిగిలిన జిగురు గోకెటందుకు ఈ కార్డు వట్టు.
భయపడకు, తారీఖు దాటింది.
నా పాత లేబర్ కార్డు. ఆ మీసం నాదే.
ఇనుము రంగును గీస్తది, ఇది గీయది.

ఎందుకు పీకిపిచ్చుకుంటరు అంటవా?
నిన్నటి నల్ల బండి పోరడు, సైఫ్,
కంపెనీ పేరు, ఇంజిన్ అంకె, మెరుపులు అన్ని తీయమన్నడు.
పేరు లేకుంటెనే షాన్ అట.
మొన్న ఒకాయన చిన్న ఇంజిన్ బండి తెచ్చి
పెద్ద ఇంజిన్ అంకె అతికియ్యమన్నడు,
అల్లుడు ఎయిర్‌పోర్టుల దిగకముందే కావాలన్నడు.
ఇద్దరికీ ఇదే బల్ల, ఇదే దినం కూలి.

గీ పికప్ సంగతి వేరు.
అర్బాబ్ వేలంల కొన్నడు, ఆరు బండ్లు ఒక్క లాటు.
డోరు మీద పేరు జూసి
నీళ్ళ పైపు బందు చేసుడు మర్చిన.
నాలుగేండ్లు దీని ఎనుక తొట్టిల కూసుండి సైటుకు వోయిన,
నేను, గోపు లింగం, నేపాలీ తేజ్.
కంపెనీ మూసిండ్రు. నాలుగు నెలల జీతం రాలే.
లింగం వాపస్ వోయిండు.
తేజ్ నంబరు కలుస్తలేదు.

నాకు అరబ్బీ రాదు గని ఆ పేరు మాత్రం వస్తది,
కుడి నుంచి ఎడమకు, చుక్కలతో సహా.
ఒక్కొక్కటి దారం వెట్టి ఊడదీసిన.
చుట్టు రంగంత ఎండకు వెలసింది,
అక్షరాల కింద మాత్రం కొన్ననాటి నీలం.
పేరు నా చేతిల సంచిల ఉన్నది,
పేరు డోరు మీద గూడ ఉన్నది.

మా సాంచెకు అచ్చు అంటె పండ్ల చట్రం,
పోగులు దాని సందులకెల్లి వోతయి.
గిది వేరే అచ్చు. దీనిల ఏం దూరదు.

"పాలిష్ కొట్టు" అన్నడు షరీఫ్ భాయ్.
కొట్టిన. మూడు సార్లు కొట్టిన.
పని గదా.

అయిదు గొట్టంగ, పొద్దు అడ్డంగ వడ్డప్పుడు
మోకాళ్ళ మీద కూసుండి చూడు.
గీడ, హ్యాండిల్ కింద,
ఒక్క వంపు, ఒక్క చుక్క ఇంకా ఉన్నయి.
కొనెటోడు నిలవడి చూస్తడు, వానికి కానరాదు.
నేను చెప్ప. నువ్వు గూడ చెప్పకు.

నీళ్ళు తాగి రా.
అటు దిక్కు డోరు నీది.